‘అడేజ్’ అంటే సామెతేనా? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వానాకాలంలో మురుగుకాలువల పూడికతీత గురించి ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి మారుస్తున్నారు. అందులో ‘యాజ్ ది ఓల్డ్ అడేజ్ గోస్, ప్రివెన్షన్ ఈజ్ బెటర్ దేన్ క్యూర్’ అనే వాక్యం తగిలింది. అడేజ్ అంటే సామెతేనా, ప్రోవెర్బ్‌కీ దానికీ తేడా ఏమిటి, ‘ఓల్డ్ అడేజ్’ అనడం తప్పా, ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా రాయాలి అని అడిగారు.

ముందు ఉచ్చారణ సంగతి. మనం అందరం స్పెల్లింగ్ చూసి అడేజ్ అంటాం గానీ, ఇంగ్లీషువాళ్ళు ‘యాడిజ్’ అంటారు. యాపిల్‌లో ‘యా’ ఎలా పలుకుతుందో అలా మొదలుపెట్టి, విలేజ్ అనే మాటను వాళ్ళు ‘విలిజ్’ అన్నట్టు ముగిస్తారు. ఇంటర్వ్యూలో అడేజ్ అన్నా కొంప మునగదు, ఊరికే తెలిసి ఉంటే మంచిది.

నేను చాలా ఏళ్ళు పత్రికల అనువాద డెస్కులో పనిచేశాను. చేరిన కొత్తలో ఒక వార్తలో ‘యాజ్ ది ఓల్డ్ సా గోస్’ అని వచ్చింది. రాత్రి పదకొండు దాటింది, పేజీ కదలాలి, అంతా టెన్షన్. సా అంటే రంపం కదా అనుకుని ‘పాత రంపం నడిచినట్టుగా’ అని రాసి పంపేశాను. అదృష్టం బాగుండి ప్రూఫులు చూసే పెద్దాయన పట్టుకున్నారు. ఆ తర్వాత ఆరు నెలలు డెస్కులో నా పేరు రంపం. ఇంగ్లీషులో సామెతకు ఇన్ని మాటలు ఎందుకున్నాయో చూడాలన్న పట్టుదల నాకు అక్కడే మొదలైంది.

యాడిజ్ లాటిన్‌లోని ‘అడాగియం’ నుంచి వచ్చింది. ముందున్న ‘అడ్’ అంటే ఒకదాని వైపు, ఒకదానికి అని. వెనకున్నది ‘ఆయో’ అనే క్రియకు సంబంధించిన ముక్క. ఆయో అంటే ‘అంటాను’. రెండూ కలిపితే దేన్నో ఉద్దేశించి అన్న మాట అని వస్తుంది. తమాషా ఏమిటంటే ఈ పుట్టుక రోమన్లకే గుర్తు లేదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు పండితుడు వారో, ఇది ‘అంబాగియో’ అనే మాటలో ఒక అక్షరం మారగా వచ్చిందనీ, ఒక్క విషయం దగ్గర ఆగకుండా మాట చుట్టూ తిరిగేది కాబట్టి ఆ పేరనీ రాశాడు. ఆ తర్వాతి నిఘంటుకారుడు ఫెస్టస్ ‘చేయడానికి పనికొచ్చేవి’ అని ఇంకో అర్థం లాగాడు. మనవాళ్ళు ఊరి పేర్లకు రాముడినీ పాండవులనీ తీసుకొచ్చి కథలు కట్టినట్టే. భాషాశాస్త్రం ప్రకారం వారో చెప్పింది తప్పు. కానీ సామెత చేసే పనిని ఆయన భలే పట్టుకున్నాడు. సూటిగా చెప్పకుండా చుట్టూ తిరిగి వచ్చి అంటిస్తుంది కదా! అన్నట్టు, సంగీతంలో నిదానంగా వాయించమని చెప్పే ‘అడాజియో’కీ దీనికీ చుట్టరికం లేదు. అది ‘తీరిగ్గా’ అనే ఇటాలియన్ మాట.

లాటిన్ పుస్తకాల్లో మూలనపడి ఉన్న ఈ మాటను యూరప్ అంతా నోట పట్టేలా చేసినవాడు ఒకడున్నాడు. రోటర్‌డామ్‌కు చెందిన పండితుడు ఎరాస్మస్. మన పిల్లలు యూరప్‌లో చదవడానికి వెళ్ళే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌లో ఉన్న పేరు ఆయనదే. 1500 జనవరిలో ఆయన ఇంగ్లండ్ నుంచి తిరిగి వెళుతుంటే డోవర్ రేవులో కస్టమ్స్‌వాళ్ళు చేతిలో ఉన్న డబ్బు దాదాపు అంతా లాగేసుకున్నారు. దేశం నుంచి నాణేలు బయటికి పోకూడదన్న చట్టం ఉండేది. పారిస్ చేరాక చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు హడావిడిగా 800 పైచిలుకు గ్రీకు, లాటిన్ సామెతలు పోగుచేసి, ఒక్కోదానికి చిన్న వివరణ రాసి అదే ఏడాది అచ్చేయించాడు. పుస్తకం పేరులో ఉన్న మాట అడాగియమే. 1508లో వెనిస్‌లో ఆల్డస్ అనే ప్రఖ్యాత ముద్రాపకుడి దగ్గర కూర్చుని దాన్ని 3,000 దాటించాడు. చనిపోయిన 1536 నాటికి లెక్క 4,151కి చేరింది. కొన్ని సామెతల కింద రాసిన వివరణ పేజీల కొద్దీ సాగి వ్యాసమైపోయింది.

అందులో ఒకటి చెబుతాను. ‘ఫెస్టీనా లెంటే’. అంటే నిదానంగా త్వరపడు. ఆల్డస్ ముద్రణాలయం గుర్తే దీనికి బొమ్మ: లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్. డాల్ఫిన్ ఉరుకుతుంది, లంగరు ఆపుతుంది. మనకు ‘నిదానమే ప్రధానం’ ఒకటి, ‘ఆలస్యం అమృతం విషం’ ఒకటి విడివిడిగా ఉన్నాయి. సందర్భాన్ని బట్టి ఏది కావాలంటే అది తీసి ఎదుటివాడి మీద వేస్తాం. లాటిన్‌వాడు ఆ రెంటినీ రెండు మాటల్లో ఒకే నొగకు కట్టేశాడు.

అంతటి ఎరాస్మస్ కూడా అనువాదంలో పప్పులో కాలేశాడు. (నా రంపం గుర్తొచ్చినప్పుడల్లా ఇది తలుచుకుని ఊరట పొందుతాను.) పండోరా అనే ఆమె మూత తీయగానే కష్టాలన్నీ లోకంలోకి వచ్చిపడ్డ కథ ఉంది కదా, అందులో గ్రీకు కవి హెసియడ్ చెప్పింది మనిషెత్తు ధాన్యపు బాన లాంటి పాత్ర. దాని గ్రీకు పేరు ‘పిథోస్’. ఎరాస్మస్ అదే కథను లాటిన్‌లో చెబుతూ ‘పిక్సిస్’ అన్నాడు. అంటే మూత ఉన్న చిన్న భరిణె. ఆ భరిణే ఇంగ్లీషులో పండోరాస్ బాక్స్ అయింది, మన పేపర్లలో పండోరా పెట్టె అయింది. అలాగే ‘పారను పార అనడం’ అని ఇంగ్లీషులో ఉంది, ఉన్నదున్నట్టు చెప్పడం అనే అర్థంలో. గ్రీకు మూలంలో పార లేదు, తొట్టి ఉంది. తొట్టిని తవ్వే పనిముట్టుగా మార్చింది ఎరాస్మస్. 1542లో నికొలాస్ ఉడల్ దాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ ‘స్పేడ్’ చేశాడు. ఒక్క మనిషి పొరపాట్లు రెండు ఇన్ని భాషల్లో స్థిరపడ్డాయి.

ఇక ఇంగ్లీషులోకి ఈ మాట ఎలా వచ్చిందో చూడండి. 1539లో రిచర్డ్ టావెర్నర్ ఎరాస్మస్ పుస్తకంలో కొంత తీసి ఇంగ్లీషులో వేశాడు. దాని పేరులోనే ‘ప్రోవెర్బ్స్ ఆర్ అడాజీస్’ అని ఉంది. ‘ప్రోవెర్బులు లేదా అడాజీలు’ అన్నమాట. అంటే మొదటినుంచీ రెంటికీ అర్థంలో తేడా లేదు, పెట్టినవాళ్ళూ పెట్టలేదు. ఉన్నదల్లా వాసనలో తేడా. ప్రోవెర్బ్ అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే ఫ్రెంచివాళ్ళ నోటి నుంచి, చర్చి నుంచి దిగి జనంలో కలిసిపోయింది. యాడిజ్ పండితుడి పుస్తకం అట్టమీద నుంచి వచ్చింది. అందుకే ఈనాటికీ ప్రోవెర్బ్ అంటే బడిపిల్లలకు కూడా తెలుసు, యాడిజ్ ఎక్కువగా సంపాదకీయాల్లోనూ ఉపన్యాసాల్లోనూ కనబడుతుంది. మనకు సామెతకూ లోకోక్తికీ ఉన్న దూరం లాంటిదే.

యాడిజ్ అనే మాట సాహిత్యంలో ఎక్కడ తగులుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ మొదటి అంకం ఏడో రంగం. రాజును చంపుదామా వద్దా అని మొగుడు వెనకాడుతుంటే భార్య ఎత్తిపొడుస్తుంది. కావాలని ఉంది గానీ తెగించలేవు, యాడిజ్‌లో ఆ పిల్లిలాగా ఉన్నావు అంటుంది. అంతే, పిల్లి ఏం చేసిందో చెప్పదు. చూసే జనానికి తెలుసు కాబట్టి చెప్పనక్కర్లేదు. జాన్ హేవుడ్ 1546లో అచ్చేయించిన ఇంగ్లీషు సామెతల పుస్తకంలో ఆ పిల్లి ఉంది: చేప తినాలని ఉంటుంది, కాళ్ళు తడుపుకోవడం మాత్రం ఇష్టం ఉండదు. మన ‘అవ్వా కావాలి, బువ్వా కావాలి’కి దగ్గర చుట్టం. అయితే ఆ పిల్లి మన ఊళ్ళో ఉంటే, ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అని తన పిరికితనానికే ఇంకో సామెతను అడ్డం పెట్టుకునేది.

సామెత సగం చెప్పి వదిలేయడం కూడా గమనించండి. మనమూ అంతే. ‘కందకు లేని దురద...’ అని ఆపేస్తాం. కత్తిపీట సంగతి వినేవాడు చూసుకుంటాడు.

ఇప్పుడు మిగతా మాటలు. నా రంపం సంగతి త్వరగా తేల్చేస్తాను. ‘సా’ అంటే పాత ఇంగ్లీషులో మాట, పలుకు. ‘సే’ అనే క్రియకు తోబుట్టువు. ఉత్తర యూరప్ వీరగాథలను సాగాలు అంటారు కదా, అదీ ఈ ఇంటిదే. కోసే రంపం వేరే వేరు నుంచి వచ్చి, అరిగి అరిగి అదే రూపంలోకి చేరింది. షేక్‌స్పియర్ ఇంకోచోట న్యాయాధికారిని వర్ణిస్తూ ‘వైజ్ సాస్’ అంటాడు. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు. ‘ఓల్డ్ సా’ అనే జంటగానే బతికి ఉంది, అదీ కాస్త వెటకారంగా.

ప్రోవెర్బ్‌లో ‘ప్రో’ అంటే ముందుకు, ‘వెర్బుమ్’ అంటే మాట. నలుగురి ముందు పెట్టిన మాట. ఆ వెర్బుమ్ నుంచే వ్యాకరణంలో వెర్బ్ వచ్చింది. ఇంగ్లీషు సొంత మాట ‘వర్డ్’ కూడా దానికి దూరపు అన్నదమ్ముడే. ‘బైవర్డ్’ ఇంకొకటి. పక్కన నడిచే మాట అన్నమాట. ఇదీ సామెత అనే అర్థంతోనే పుట్టింది. అయితే ఒక మనిషి పేరే సామెతలా వాడుకలో పడిపోతే అతన్ని బైవర్డ్ అనడం మొదలైంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ‘ప్రోవెర్బ్, బైవర్డ్’ అని జంటగా, శాపంగా వస్తుంది. నలుగురూ నిన్ను సామెతగా చెప్పుకునే గతి పడుతుంది అని. ఇప్పుడు మంచికీ వాడుతున్నారు. దీన్ని సామెత అని అనువదించకండి. ‘మారుపేరు’ అంటే చక్కగా సరిపోతుంది: నిజాయతీకి మారుపేరు, నిర్లక్ష్యానికి మారుపేరు.

మ్యాగ్జిమ్, ఆఫోరిజమ్ అని మరో రెండు ఉన్నాయి గానీ అవి సామెతలు కావు. మొదటిది తర్కశాస్త్రం నుంచి వచ్చింది, ‘అన్నిటికన్నా పెద్ద ప్రతిపాదన’ అనే లాటిన్ పదబంధంలో మిగిలిన ముక్క. కోర్టుల్లో ‘చట్టం తెలియదనడం సాకు కాదు’ లాంటి సూత్రాలను ఈ పేరుతోనే పిలుస్తారు. రెండోది వైద్యుల సొమ్ము, గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద ఉన్న సూత్రాల పుస్తకం నుంచి. గిరిగీసి చెప్పినది అని దాని అర్థం. కంటికి ఆకాశం హద్దుగా కనిపించే హొరైజన్ కూడా ఆ మాటకు చుట్టమే. సామెతకు కర్త ఉండడు. వీటికి సాధారణంగా ఉంటాడు. ఆ గుర్తు చాలు.

ఇక్కడిదాకా చూసినవాటిలో ఒక పోలిక కనబడిందా? యాడిజ్, సా, ప్రోవెర్బ్, బైవర్డ్ అన్నీ ‘అనడం’ చుట్టూ తిరుగుతున్నాయి. అన్న మాట, పలికిన పలుకు, ముందుపెట్టిన మాట, పక్క మాట. మన నానుడిలో నుడి, లోకోక్తిలో ఉక్తి కూడా ఆ జట్టే. కానీ ‘సామెత’ ఆ జట్టు కాదు. సామ్యత నుంచి సామెత వచ్చిందని పండితులు చెబుతారు. సామ్యం అంటే పోలిక. ఇంగ్లీషువాడు ‘అన్నారు’ అని పేరు పెట్టినచోట, మనం ‘పోల్చారు’ అని పేరు పెట్టుకున్నాం.

ఈ పోలిక జట్టులో మనం ఒంటరివాళ్ళం కాదు. బైబిల్లో సామెతల గ్రంథానికి హీబ్రూ పేరు ‘మిష్లే’. ‘మాషాల్’ అనే మాట నుంచి వచ్చింది, దానికీ పోలిక అనే అర్థముంది. హైదరాబాదులో ‘మిసాల్’ అంటే ఉదాహరణ అని తెలుసు కదా, ఉర్దూలోకి అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాట దీనికి దాయాది. ఆ రకంగా చూస్తే తెలుగు బైబిల్లో ఆ పుస్తకానికి పెట్టిన ‘సామెతలు’ అనే పేరు, ఇంగ్లీషువాడు పెట్టిన ప్రోవెర్బ్స్ కన్నా మూలానికి దగ్గరగా ఉంది. అనువాదం మీద అనువాదం అయినా మనదే గురి తగిలింది.

గ్రీకులో కూడా పోలికకు ‘పారబొలే’ అనేవారు. ఒకదాని పక్కన ఇంకోటి పడేయడం. ఏసు చెప్పిన కథలకు ఇంగ్లీషులో పారబుల్ అనే పేరు అక్కడిదే. తెలుగులో వాటిని ఉపమానాలు అన్నారు, సరిగ్గా అదే అర్థం. ఈ పారబొలే తర్వాత పడ్డ పాట్లు చూస్తే నవ్వొస్తుంది. లాటిన్‌లో పారబోలాగా మారి, చర్చిలో రోజూ వినీ వినీ చివరికి దాని అర్థం ‘మాట’ అని స్థిరపడింది. ఫ్రెంచిలో మాట్లాడటం అనే క్రియ ‘పార్లే’ దాని నుంచే పుట్టింది. మాట్లాడుకునే చోటు కాబట్టి పార్లమెంట్. తిరిగొస్తానని మాట ఇచ్చి జైలు నుంచి బయటికి వెళ్ళేది పెరోల్. ఇంటర్ లెక్కల్లో మనల్ని ఏడిపించిన పారాబోలా, తెలుగులో పరావలయం, అదీ ఈ గ్రీకు మాటే. పోలిక పుట్టి పార్లమెంట్ దాకా వెళ్ళింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ అనువాదానికి పనికొచ్చేది ఇక్కడే ఉంది. తెలుగు సామెత ఒంట్లోనే పోలిక ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దున్నపోతు మీద వాన కురిసినట్టు. ఆ చివరి ‘ట్టు’ చూడండి. మద్రాసు సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న కార్ దొర 1868లో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అని మన సామెతలు పోగుచేసి ఇంగ్లీషు వివరణలతో అచ్చేయించాడు. అది తిరగేస్తే ఇలా ‘నట్టు’తో ముగిసేవి కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి. ఇవి వాటంతట అవి నిలబడవు, ఎవరో చేసిన ఏదో పనికి తగిలించాలి. ఇంగ్లీషులో బాగా వినిపించేవి చాలావరకు తీర్పులు. నిజాయతీయే ఉత్తమ విధానం, నివారణ చికిత్స కన్నా మేలు. వాటిని గోడ మీద రాసుకోవచ్చు. గుడ్డెద్దును గోడ మీద రాసుకుంటే అర్థం ఉండదు. మనకూ తీర్పులు లేకపోలేదు, ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అలాంటిదే. అయినా నలుగురు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు నోటికి ముందొచ్చేది ‘నట్టు’ సామెతే.

సంస్కృతంలో ‘న్యాయాలు’ కూడా ఈ పోలిక దారివే. కాకి వాలింది, అప్పుడే తాటిపండు పడింది, కాకతాళీయ న్యాయం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, స్థాలీపులాక న్యాయం. 1900లో కల్నల్ జేకబ్ వీటిని పోగుచేసి ఇంగ్లీషులో ‘మ్యాగ్జిమ్స్’ అన్నాడు. నన్నడిగితే అది తప్పు పేరు. కాకి, తాటిపండు సూత్రం ఎలా అవుతాయి?

‘ఓల్డ్ అడేజ్’ సంగతి. యాడిజ్ అంటేనే తరతరాలుగా వస్తున్న మాట కాబట్టి ముందు ఓల్డ్ తగిలించడం పునరుక్తి అని ఇంగ్లీషు శైలి పుస్తకాలు కొన్ని అభ్యంతరం చెబుతాయి. తర్కం ప్రకారం నిజమే. కానీ ఇంగ్లీషువాళ్ళు తరాల నుంచీ అలాగే రాస్తున్నారు. మనం ‘నట్టనడుమ’ అనడం లేదా? పరీక్షలో తప్పులు దిద్దమని ఇస్తే ఓల్డ్ కొట్టేయండి, మిగతా చోట్ల పట్టించుకోకండి. తెలుగులోకి మార్చేటప్పుడు మాత్రం ‘పాత సామెత’ అని రాయొద్దు. మన చెవికి అది ఇప్పుడు వాడుకలో లేని సామెత అన్నట్టు వినబడుతుంది.

ఇక మీ వాక్యం. ఇంగ్లీషువాడు ముందు ‘సామెత చెప్పబోతున్నాను’ అని గంట కొట్టి తర్వాత చెబుతాడు. మనం సామెత చెప్పేసి, ‘అన్నట్టు’ అని వెనక నుంచి ముడి వేస్తాం. కాబట్టి ‘పాత సామెత ప్రకారం, చికిత్స కన్నా నివారణ మేలు’ అని మొదలుపెడితే ఎంత దిద్దినా ఇంగ్లీషు వాక్యంలాగే ఉంటుంది. ఆరోగ్యశాఖ పోస్టర్ మీద అయితే సరే. మీ వ్యాసంలో విషయం పూడిక. వానలు పడి వీధులు మునిగాక యంత్రాలు దించారని కదా రచయిత కోపం? దానికి మన దగ్గర సిద్ధంగా ఉన్న పోలిక వేరే ఉంది. యాడిజ్‌కు ప్రత్యేకంగా తెలుగు మాట వెతకనే అక్కర్లేదు, వాక్యం చివర్లో ‘ట్టు’లో అదే కలిసిపోతుంది. నేనైతే ఇలా రాస్తాను:

వానలు మొదలయ్యాక కాలువల్లో పూడిక తీయడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.